జీరో టికెట్టు కొట్టేదెవరు?

అడగందే అమ్మయినా పెట్టదు అని పాత సామెత. ఆ అడగడం కూడా మనం మానేసి ఒక యంత్రానికి అప్పజెప్పడం కొత్త ఫ్యాషను. మా వృత్తిలో ఈ మధ్య ఎవర్ని కదిపినా ఇదే మాట. ఏడాదంతా చేసిన పని అప్రైజల్ వేళకి గుర్తుండదు కదా, అందుకని ఒక ఏఐ ఏజెంటుని కట్టి పెట్టుకుంటారట. అది ప్రతి శుక్రవారం సాయంత్రం జిరాలో మూసేసిన టికెట్లు, గిట్‌లోకి ఎక్కించిన కోడు, క్యాలెండర్లో ఉన్న మీటింగులు, మెయిల్లో వచ్చిన థాంక్యూలు అన్నీ ఏరి, చక్కటి ఇంగ్లీషులో "ఈ వారం నా ఘనకార్యాలు" అని ఒక పేజీ రాసి పెడుతుంది. ఏడాది చివర యాభై రెండు పేజీలూ కలిపి ఇంకోసారి వండితే సెల్ఫ్ అప్రైజల్ రెడీ. మనం చెయ్యాల్సిందల్లా కాపీ, పేస్టు. కాగల కార్యం గంధర్వులే తీర్చారన్నమాట!

నేను దీనికి పూర్తి వ్యతిరేకిని. ఏఐకి కాదండోయ్, దాంతో రోజూ పని చేయించుకుంటూనే ఉన్నాను. నా గొడవల్లా ఒక్కటే. నేను చేసిన పనికి మొదటి సాక్షిని నేను. ఆ సాక్ష్యం చెప్పే పని యంత్రానికి ఇచ్చేస్తే, నా పనిలో సగం చేయనట్టే లెక్క. ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఎందుకో చెప్పడానికి ఒకసారి గౌలిగూడ దాకా పోయి రావాలి.

గౌలిగూడ అనగానే ఇప్పటివాళ్ళకి రామమందిరం, హనుమజ్జయంతి ఊరేగింపు గుర్తొస్తాయి. పాతవాళ్ళకి మాత్రం బస్టాండే. 1932లో నిజాం స్టేట్ రైల్వే వాళ్ళు రోడ్డు రవాణా శాఖ పెట్టినప్పుడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఇవాళ్టి ఆర్టీసీకి అదే మొదలు. గౌలిగూడలోని ఆ పెద్ద ఇనప హ్యాంగరు కింద దశాబ్దాల పాటు ఊరి బస్సులన్నీ ఆగాయి. 1994లో ఇమ్లిబన్ బస్టాండు వచ్చాక జిల్లాల బస్సులు అటు పోయాయి, సిటీ బస్సులు ఇక్కడ మిగిలాయి. హ్యాంగరు 2018 జులై 5న కుప్పకూలింది. ముందే ఖాళీ చేయించారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ హ్యాంగరు కింద ఎన్ని లక్షల టికెట్లు చిరిగి ఉంటాయో! టికెట్టంటే ప్రయాణికుడికి రసీదు, కండక్టరుకి మాత్రం తన పని లెక్క. ఏ స్టేజీ దగ్గర ఏ ధర టికెట్టు ఏ నంబరు దాకా చిరిగిందో ఆయన కాగితం మీద వేసుకోవాలి. మధ్యలో చెకింగు వాళ్ళు ఎక్కితే ఆ కాగితమే అడుగుతారు. తరవాత చేతిలోకి టికెట్టు మిషన్లు వచ్చాయి, కాగితం పని తగ్గింది. కానీ సూత్రం మారలేదు. టికెట్టు కొడితే మనిషి బస్సులో ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. మహాలక్ష్మి పథకం. డబ్బు తీసుకునే పని లేదు కదా, ఇక టికెట్టు దేనికి అనిపిస్తుంది ఎవరికైనా. కానీ కండక్టరు ప్రతి ఒక్కరికీ మిషను మీద సున్నా రూపాయల టికెట్టు కొట్టి ఇవ్వాలని నియమం పెట్టారు. అదే జీరో టికెట్టు. బస్సు కిటకిటలాడుతూ ఉంటుంది, కండక్టరు కాలు పెట్టే సందు కూడా ఉండదు. అయినా సరే, గుర్తింపు కార్డు చూసి, సున్నా రూపాయల టికెట్టు కొట్టి, చేతికివ్వాలి. మొదట్లో చాలామంది నవ్వుకున్నారు, "సున్నా రూపాయలకి రసీదేంటండీ" అని. నవ్వాల్సిన పనేమీ లేదు. ఆ టికెట్టు కొడితేనే ఆ ప్రయాణం లెక్కలోకి వస్తుంది. ఆ లెక్క చూపిస్తేనే ప్రభుత్వం నుంచి ఆర్టీసీకి డబ్బు రావాలి. టికెట్టు కొట్టని ప్రయాణం బస్సు మోసినా మోయనట్టే.

మన ఆఫీసుల్లో కూడా టికెట్లే కదండీ! జిరా టికెట్టు. దాన్ని తెరుస్తాం, మూస్తాం, లెక్కలో పడుతుంది. మరి జీరో టికెట్ల సంగతేంటి? కొత్తగా చేరిన కుర్రాడి పక్కన మూడు గంటలు కూర్చుని వాడికి దారి చూపించడం. రాత్రి పదకొండింటికి ఫోనొస్తే, లాప్‌టాప్ తెరవకుండానే "ముందు ఫలానా సర్వీసు రీస్టార్ట్ చెయ్యి, మిగతాది పొద్దున చూద్దాం" అని చెప్పి గండం తప్పించడం. "ఈ ఫీచరు ఇలా కడితే ఆర్నెల్లలో మెడకి చుట్టుకుంటుంది" అని మీటింగులో చెప్పి ఆపించడం. కట్టని ఫీచరుకి టికెట్టుండదు. రాని ప్రమాదానికి రిపోర్టుండదు. ఇదంతా మనం మోసిన బరువే, కానీ టికెట్టు కొట్టినవాడు లేడు.

ఇప్పుడు ఆ ఏజెంటు గారు ఎక్కణ్ణించి ఏరుతున్నారు? టికెట్లలోంచి! గుర్తు పడిన పని అక్షరాలా దొరుకుతుంది, గుర్తు పడని పని పుట్టనే పుట్టదు.

ఊహించి చెప్పట్లేదు. అందరూ పొగుడుతుంటే నేనూ ఒకటి కట్టి, నా పని మీదే రెండు వారాలు నడిపి చూశాను. అందులో ఒక వారం నేను చేసిన అసలు పని ఒక్కటే. రాత్రి పూట నడిచే బ్యాచ్ జాబు నెలకోసారి ఎందుకు ఆగిపోతోందో వెతకడం. రెండు రోజులు లాగ్ ఫైళ్ళు తవ్వితే చివరికి టైమ్‌జోను గొడవ అని తేలింది. మార్చాల్సింది ఒక్క లైను. ఆ మార్పు కూడా మా టీములో కొత్తగా చేరినమ్మాయి చేత చేయించాను, నేర్చుకుంటుందని. ఏజెంటు నా గురించి ఏం రాసిందో తెలుసా? "ఈ వారం 14 టికెట్లు విజయవంతంగా పరిష్కరించారు" అని మొదలెట్టి, అందులో పాస్‌వర్డ్ రీసెట్ టికెట్లని "యూజర్ యాక్సెస్ మేనేజ్‌మెంటులో కీలక పాత్ర" అని ఎత్తి కూర్చోబెట్టింది. రెండు రోజుల తవ్వకం గురించి ఒక్క ముక్క లేదు. ఎందుకుంటుంది, ఎక్కించిన కోడు మీద నా పేరే లేదుగా.

పోనీ ఫలితాలు అంకెల్లో రాయమని అడిగాను. "ప్రాసెసింగు సామర్థ్యం 30 శాతం మెరుగైంది" అని రాసింది. ఆ 30 నేనిచ్చిన సమాచారంలో ఎక్కడా లేదు, అదే పుట్టించింది. రేపు మేనేజరు "ఏ లెక్కన 30?" అంటే ఏం చెప్పాలి? జవాబు చెప్పాల్సినప్పుడు అది పక్కన కూర్చోదు. కుర్చీలో ఉండేది మనమే.

దీనికి ఏజెంటు భక్తుల దగ్గర ఒక మందుంది. "దానికి ఇంకా ఎక్కువ సమాచారం ఇవ్వండి సార్, చాట్లు ఇవ్వండి, మీటింగుల రికార్డింగులు ఇవ్వండి, స్క్రీను చూడనివ్వండి." అంటే ఏమన్నట్టు? నా పని కనబడాలంటే నన్ను పొద్దస్తమానం చూస్తూ ఉండే కన్నొకటి నేనే కొని తెచ్చి నెత్తిన పెట్టుకోవాలన్నమాట. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా. మనమీద నిఘా పెట్టమని ఇన్నాళ్ళూ యాజమాన్యం అడిగితే గోల చేశాం, ఇప్పుడు మన ఖర్చుతో మనమే పెట్టుకుంటున్నాం. పైగా ఆ చాట్లలో అవతలివాళ్ళ మాటలు కూడా ఉంటాయి. వాళ్ళని ఎవరడిగారు?

ఇంకో సంగతి. రాసేది యంత్రమైతే చదివేది ఎవరు? మేనేజరు దగ్గర పదిహేను మంది సెల్ఫ్ అప్రైజళ్ళు, ఒక్కోటీ నాలుగు పేజీలు, అన్నిట్లోనూ "నాయకత్వం వహించి, గణనీయంగా మెరుగుపరిచి". ఆయన మాత్రం మనిషి కాదా? ఆయనా వాటిని ఇంకో ఏఐలో వేసి "ఒక్కొక్కరికీ రెండు వాక్యాలు" అంటాడు. ఒక యంత్రం ఊదింది, ఇంకో యంత్రం గాలి తీసింది. మధ్యలో మనం చేసిన పని ఏమైందో ఎవరికీ పట్టలేదు.

ఇది ఎక్కడి దాకా పోతుందో అమెరికా వాళ్ళు చూశారు. 2025 ఫిబ్రవరి 22న, శనివారం నాడు, అక్కడి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి ఒక మెయిలు పోయింది. గత వారం చేసిన పనులు ఓ అయిదు పాయింట్లలో సోమవారం రాత్రిలోగా రాసి పంపాలని. జవాబివ్వకపోతే రాజీనామా కింద లెక్క అని ఎలాన్ మస్క్ బయట ప్రకటించాడు. జవాబుల్ని ఏఐ చేత చదివిస్తారని వార్తలొస్తే, అదేం అక్కర్లేదు, మనిషి నాడి కొట్టుకుంటోందా లేదా అని చూడ్డానికే అడిగామన్నాడు. అదే ఏడాది ఆగస్టులో ఆ తంతు ఆపేశారు. నాడి చూడ్డానికే అయితే అయిదు పాయింట్లెందుకు, చుక్క పెట్టి పంపినా చాలుగా :) అడిగేవాడికి పని మీద ఆసక్తి లేనప్పుడు యంత్రం రాసినా ఒకటే, మనం రాసినా ఒకటే. ఆసక్తి ఉన్నవాడికైనా మన మాట మన నోటితో చేరాలి కదా.

అలా చేర్చినవాడు ఒకాయన ఉండేవాడు. బిల్ ఆట్కిన్సన్. 1982లో ఆపిల్ కంపెనీలో లీసా కంప్యూటరు కడుతున్నప్పుడు మేనేజర్లు ఒక ఫారం పెట్టారు, వారానికి ఎన్ని లైన్ల కోడు రాశారో నింపాలని. ఆయన ఆ వారం బొమ్మలు గీసే కోడుని మొత్తం తిరగరాసి, వేగం ఆరు రెట్లు పెంచి, రెండు వేల లైన్లు తగ్గించాడు. ఫారంలో "మైనస్ 2000" అని రాశాడు. కొన్ని వారాలకి ఆయన్ని ఆ ఫారం నింపమనడమే మానేశారు. ఈ కథ మా వాళ్ళందరికీ తెలుసు, అందరూ నవ్వుతారు. నేను గమనించమనేది మాత్రం ఇంకోటి. ఆ ఫారం ఆయన తన చేత్తో నింపాడు. కొలబద్ద తప్పని చెప్పడానికి కొలతపెట్టె ఒక్కటే ఆయనకి దొరికిన చోటు, అక్కడే చెప్పాడు. ఇవాళ్టి ఏజెంటుకి తీసేసిన లైన్లు లెక్కపెట్టడం వచ్చు. మేనేజరుతో తగువేసుకోవడం రాదు.

మరి ఏం చెయ్యమంటావయ్యా అంటారా? కొత్తగా కనిపెట్టక్కర్లేదు. గౌలిగూడ నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా నడిస్తే బేగంబజారు. షావుకార్ల లెక్కలకి తెలుగులో ఎప్పట్నుంచో రెండు మాటలున్నాయి: చిట్టా, ఆవర్జా. ఏ రోజు జరిగింది ఆ రోజే వరసగా రాసుకునేది చిట్టా. అందులోంచి పద్దులవారీగా ఎత్తి రాసేది ఆవర్జా. ఆవర్జా ఎవరైనా రాయచ్చు, గుమాస్తా రాయచ్చు. చిట్టా మాత్రం బేరం జరిగిన రోజున, బేరం తెలిసినవాడు రాయాలి. చిట్టా లేకుండా ఆవర్జా రాస్తే దాన్ని దొంగ లెక్క అంటారు.

ఏఐ మంచి గుమాస్తా, ఒప్పుకుంటాను. ఆవర్జా దానికే ఇవ్వండి. నా చిట్టా మాత్రం నేనే రాసుకుంటాను. సాయంత్రం లేచేముందు మూడు లైన్లు. ఏం చేశాను? చెయ్యకపోతే ఏమయ్యేది? ఎవరికి తెలుసు? ఆ బ్యాచ్ జాబు రోజున నా చిట్టాలో ఇలా ఉంది: "బ్యాచ్ ఆగడానికి కారణం టైమ్‌జోను. రెండు రోజులు వెతికాను, మార్పు ఒక్క లైను, చేసింది కొత్తమ్మాయి. దొరక్కపోతే నెలాఖరు రిపోర్టు మళ్ళీ ఆగేది. లీడ్‌కి తెలుసు." అంతే. అదే నా జీరో టికెట్టు. రూపాయి రాకపోయినా కొట్టాను.

అందులో మూడో ప్రశ్న చాలా ముఖ్యం. "ఎవరికి తెలుసు" అన్నచోట వరసగా వారం రోజులు "ఎవరికీ తెలీదు" అని పడితే, ఆ సోమవారమే వెళ్ళి ఎవరో ఒకరికి చెప్పాలని అర్థం. ఏడాది చివర ఏజెంటు రాసిచ్చే పేజీ ఈ హెచ్చరిక చెయ్యలేదు.

చేసిన పనుల చిట్టా రాసుకోమని మా వృత్తిలో చెప్పినవాళ్ళు లేకపోలేదు. జూలియా ఎవాన్స్ అనే ప్రోగ్రామరు 2019లో దాన్ని "బ్రాగ్ డాక్యుమెంట్" అంటూ వ్యాసం రాస్తే అది చాలా ప్రచారమైంది. మనకి "గొప్పలు చెప్పుకోవడం" అనగానే తల వంగిపోతుంది కాబట్టి నేను చిట్టా అనే అంటాను. చిట్టాలో గొప్పలుండవు, జరిగింది ఉంటుంది.

సరే, నాకు ఎదురయ్యే వాదనలు కూడా చూద్దాం.

"నాకు ఇంగ్లీషులో రాయడం రాదు, ఏఐ లేకపోతే అప్రైజల్లో ఎప్పుడూ వెనకే." ఇది న్యాయమైన మాట. జిల్లాల్లో తెలుగు మీడియంలో చదువుకుని వచ్చి, పని కొండంత చేసి, ఫారం నింపలేక నలిగిపోయినవాళ్ళని చాలామందిని చూశాను. అయ్యా, చిట్టా తెలుగులో రాయండి! మీ మాటల్లో, మీ యాసలో, తప్పుల్తో రాయండి. ఇంగ్లీషు చెయ్యమని గుమాస్తాకి చెప్పండి. ఒక్క షరతు, చిట్టాలో లేని అంకె గానీ విశేషణం గానీ కలపొద్దని చెప్పండి, వచ్చాక ఒకసారి చదువుకోండి.

"టైముండదు." మూడు లైన్లకి టైముండదా? ఇమ్లిబన్ దగ్గర మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగేలోపు ఫోన్లో ముప్ఫై రీల్సు చూస్తున్నాం కదండీ.

"బాగా పని చేస్తే అదే కనబడుతుంది, రాసుకోవడమేంటి?" కనబడదు. అందరికీ ఒకేలా అసలే కనబడదు. 2017లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో లిండా బాబ్‌కాక్, లీజ్ వెస్టర్లుండ్ బృందం ఒక పరిశోధన అచ్చువేసింది. ఎవరో ఒకరు చెయ్యాల్సిన, చేసినవాళ్ళకి ప్రమోషను తేని పనులు ఎవరి నెత్తిన పడుతున్నాయని చూస్తే, ఆడవాళ్ళనే ఎక్కువ అడుగుతున్నారు, వాళ్ళే ఎక్కువ ఒప్పుకుంటున్నారు అని తేలింది. మీటింగు మినిట్స్ రాసేదెవరు, కొత్తవాళ్ళకి సిస్టములు ఇప్పించేదెవరు, టీములో ఇద్దరు మాట్లాడుకోకపోతే కలిపేదెవరు, మీ ఆఫీసులో మీరే చూడండి. జిరాలోంచి ఏరే ఏజెంటుని నమ్ముకుంటే మొదట మునిగేది వాళ్ళు. తరవాత టెస్టర్లు, సపోర్టు వాళ్ళు. వీళ్ళంతా బాగా పని చేశారనడానికి గుర్తు ఏమీ జరగకపోవడమే.

"ఎంత రాసుకున్నా తీసేసేవాడు తీసేస్తాడు." నిజమే, చిట్టా ఉద్యోగానికి తాయెత్తు కాదు. 2025 జూన్‌లో టీసీఎస్ ఏడాదికి 225 రోజులు బిల్లయ్యే పని ఉండాలి, బెంచి మీద 35 రోజులు మించకూడదు అని నియమం పెట్టింది. జులైలో ఉద్యోగుల్లో రెండు శాతం, అంటే పన్నెండు వేలకి పైగా మందిని తగ్గిస్తామంది. ఆర్టీసీలో కిలోమీటరుకి ఎంతొచ్చిందని చూసినట్టే ఇక్కడ రోజుకి బిల్లయిందా అని చూస్తారు. ఆ లెక్క వాళ్ళది, వాళ్ళ అవసరానికి వాళ్ళు వేసుకుంటారు. అందుకే మన లెక్క ఒకటి విడిగా ఉండాలంటున్నాను. ఉద్యోగం పోయిన రోజున ముందు పోయేది లాగిన్. జిరా, గిట్, మెయిలు, వాటిల్లోంచి ఏరిన ఏజెంటు, అది రాసిన యాభై రెండు పేజీలు, అన్నీ ఆ గేటు లోపలే ఉండిపోతాయి. ఎనిమిదేళ్ళు పని చేసిన మనిషి తరవాతి ఇంటర్వ్యూలో "చాలా చేశానండీ, గుర్తు రావట్లేదు" అంటుంటే వినడం ఎంత కష్టమో ఇంటర్వ్యూలు చేసేవాళ్ళకి తెలుసు. ఇంట్లో నలభై రూపాయల నోట్‌బుక్కు ఉంటే ఆ మాట అనక్కర్లేదు. అందులో క్లయింటు పేర్లు, కోడు, పాస్‌వర్డులు రాయకండి, అవి వాళ్ళవి. ఏం ఆలోచించాను, ఏం ఆపాను, ఎవరికి నేర్పాను అన్నవి మనవి, అవి రాయండి.

నా మాట విని ఎవరూ ఏజెంట్లని పీకి పారెయ్యక్కర్లేదు. శుక్రవారం పేజీని అది రాసుకోనివ్వండి. పక్కన మీ చిట్టా పెట్టి చూడండి. అందులో ఉండి ఇందులో లేనివన్నీ మీరు ఉచితంగా మోసిన ప్రయాణాలు. ముక్కూ మొహం తెలీని మనిషికి కూడా కండక్టరు సున్నా రూపాయల టికెట్టు కొట్టి చేతికిస్తున్నప్పుడు, మన పనికి మనం ఒకటి కొట్టుకోలేమా?